కొండవాలు చేసే లెక్క: టాప్‌మోడల్ పనితనం

ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో, హారోగేట్ పట్టణం దగ్గర క్రింపుల్ బెక్ అనే చిన్న వాగు ఉంది. దాని పరీవాహక ప్రాంతం 8 చదరపు కిలోమీటర్లు, మన దగ్గర ఒక మోస్తరు ఊరి పొలిమేరంత. అక్కడ వాన కురిస్తే వాగులోకి ఎంత నీరు, ఎప్పుడు వస్తుందో లెక్కగట్టే పనికి లీడ్స్ విశ్వవిద్యాలయంలో ఇద్దరు భూగోళ శాస్త్రజ్ఞులు పూనుకున్నారు. ఒకరు కొండవాలుల పుట్టుపూర్వోత్తరాలు చదివిన మైక్ కిర్క్‌బీ. రెండోవారు అప్పటికి కుర్ర పరిశోధకుడైన కీత్ బెవెన్. 1974లో మొదలైన ఆ పని 1979లో ఒక పరిశోధన వ్యాసంగా అచ్చయింది. ఆ నమూనాను ఇవాళ ప్రపంచమంతా టాప్‌మోడల్ అంటోంది. వాననీటి లెక్కలు వేసే కంప్యూటర్ నమూనాలు లెక్కలేనన్ని ఉన్నాయి. ఇంత తక్కువ సరంజామాతో నేల రూపాన్ని ఇంత గట్టిగా పట్టుకున్నది నాకు మరొకటి కనబడలేదు. దాని పనితనాన్ని ఒక్కొక్క కీలూ విప్పి చూపాలనే ఈ ప్రయత్నం.

ముందు ఆ ఇద్దరి ఎదుట ఉన్న చిక్కు ఏమిటో చూడాలి. వాన పడ్డప్పుడు నీరు నేల మీద ఎందుకు పారుతుంది? 1933లో అమెరికా ఇంజనీరు రాబర్ట్ హోర్టన్ ఇచ్చిన జవాబు చాలాకాలం చెల్లింది. నేల పీల్చుకునే వేగాన్ని వాన వేగం మించితే, మిగిలిన నీరు పైన పారుతుంది. గట్టిపడిన ఎర్రనేల మీద జడివాన కురిసినప్పుడు మనం కళ్లారా చూసేది ఇదే. కానీ దట్టమైన అడవి కొండల్లో, పచ్చిక వాలుల్లో ఈ జవాబు నిలవలేదు. అక్కడి నేల పడ్డ వాననంతా మింగేస్తుంది. అయినా గంటల్లో వాగు పొంగుతుంది. ఆ నీరు ఎక్కడిది?

నార్త్ కరోలినాలోని కొవీటా అడవి పరిశోధన కేంద్రంలో జాన్ హ్యూలెట్, ఆల్డెన్ హిబ్బర్ట్ ఒక పొడవాటి కాంక్రీటు తొట్టెను ఏటవాలుగా కట్టించి, మట్టితో నింపి, బాగా తడిపి, ఆవిరి పోకుండా పైన కప్పేశారు. అడుగు నుంచి నీరు నెలల తరబడి కారుతూనే ఉంది. వానలు లేని రోజుల్లో వాగును బతికించేది ఈ వాలు మట్టిలోంచి మెల్లగా దిగే ఊటేనని తేలింది. 1970 ప్రాంతంలో వెర్మాంట్ రాష్ట్రంలోని స్లీపర్స్ నది దగ్గర టామ్ డన్, రిచర్డ్ బ్లాక్ కొండవాలుకు అడ్డంగా కందకం తవ్వి, ఏ లోతు నుంచి ఎంత నీరు వస్తోందో కొలిచారు. వరద నీటిలో సింహభాగం వాలు మొత్తం నుంచి రాలేదు. వాగు అంచున, పల్లాల్లో, అప్పటికే నీటితో నిండి ఉన్న కొద్దిపాటి నేల నుంచి వచ్చింది. నిండిన నేల మీద పడ్డ చినుకు ఇంకే దారి లేక నేరుగా వాగులోకి జారుతుంది. వాన సాగేకొద్దీ ఆ నిండిన మేర పైకి పాకుతుంది. వాన వెలిశాక మళ్లీ కుంచించుకుపోతుంది.

అంటే వరదను లెక్కగట్టాలంటే ముందు ఆ నిండిన మేర ఎక్కడెక్కడ, ఎంతెంత ఉందో తెలియాలి. అది గంటగంటకూ మారుతుంది. అప్పటికి రెండు దారులు ఉన్నాయి. ఒకటి, పరీవాహక ప్రాంతమంతటినీ కలిపి కొన్ని ఊహాతొట్లుగా భావించి, ఒక దాంట్లోంచి ఇంకో దాంట్లోకి నీరు పారించడం. 1966 నాటి స్టాన్‌ఫర్డ్ నమూనా ఈ దారిలోది. అందులో కొండ, లోయ అనే తేడాకు చోటు లేదు. రెండోది, 1969లో ఫ్రీజ్, హార్లన్ గీసిన బృహత్ ప్రణాళిక. నేలను గళ్లుగళ్లుగా కోసి, ప్రతి గడిలో, ప్రతి లోతులో భౌతిక సమీకరణాలు సాధించాలి. సూత్రం దివ్యంగా ఉంది. కానీ లీడ్స్‌లో ఉన్నది ఐసీఎల్ 1904ఎస్ అనే మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్. ఫోర్ట్రాన్-4లో బెవెన్ రాసిన ప్రోగ్రాం ఆ యంత్రం జ్ఞాపకశక్తిలో ఒదగాలి.

ఇక్కడే అసలు పనితనం మొదలైంది. ప్రతి చోటునూ విడివిడిగా లెక్కించే బదులు, ఏయే చోట్లు ఒకేలా ప్రవర్తిస్తాయో నేల రూపాన్ని బట్టి చెప్పగలమా అని కిర్క్‌బీ ఆలోచించారు. కొండ మీద ఒక చోట నిలబడి రెండు ప్రశ్నలు వేసుకోండి. పైనున్న ఎంత నేల నీరు ఈ చోటు మీదుగా దిగుతోంది? ఇక్కడి వాలు ఎంత నిటారు? మొదటిది ఎక్కువైతే ఇక్కడికి చేరే నీరు ఎక్కువ. రెండోది ఎక్కువైతే ఇక్కడి నుంచి నీరు జారిపోయే వేగం ఎక్కువ. మొదటిదాన్ని రెండోదానితో భాగించి, వచ్చిన సంఖ్యకు లాగరిథమ్ కట్టాలి. అంతే. ఆ అంకెను తడి సూచిక అందాం. పైనుంచి నీరు కూడుకునే, వాలు తగ్గే లోయ మూలల్లో అది పెద్దదవుతుంది. గట్టుల మీద, నిటారు వాలుల మీద చిన్నదవుతుంది.

లాగరిథమ్ అందంకోసం పెట్టింది కాదు. కొండ మట్టిలో పై పొర వేర్లతో, పురుగుల బొరియలతో గుల్లగా ఉండి నీటిని తేలిగ్గా వదులుతుంది. లోతుకు పోయేకొద్దీ గట్టిపడి ఆ గుణం చరచరా తగ్గిపోతుంది. ఆ తగ్గుదలను ఘాతాంక రూపంలో రాసి, కొండలోకి చేరే నీరూ కొండలోంచి దిగే నీరూ సమతూకంలో ఉన్నాయని అనుకుని సమీకరణం సాధిస్తే, లాగరిథమ్ దానంతటదే బయటికి వస్తుంది. మట్టి స్వభావం గురించిన ఒక ఊహ గణితంలోంచి నడిచి వచ్చి, చివరికి పటం మీద కొలవగలిగిన రెండు సంగతుల నిష్పత్తిగా తేలింది. దీన్ని మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు అలాగే ఉండిపోయాను.

చిన్న లెక్క చేసి చూద్దాం. అంకెలు నేను వేసుకున్నవే. వాలు మధ్యలో ఒక చోటు: వాలుకు అడ్డంగా మీటరు వెడల్పు గీత గీస్తే, దాని మీదుగా పైనున్న 50 చదరపు మీటర్ల నేల నీరు దిగుతోంది. వాలు 0.25, అంటే నాలుగు మీటర్లు నడిస్తే ఒక మీటరు దిగుతాం. 50ని 0.25తో భాగిస్తే 200. దాని సహజ లాగరిథమ్ 5.3. ఇక లోయ అడుగున ఇంకో చోటు: అదే మీటరు గీత మీదుగా 2,000 చదరపు మీటర్ల నీరు వస్తోంది, వాలు 0.02 మాత్రమే. భాగిస్తే లక్ష. లాగరిథమ్ 11.5. పరీవాహక ప్రాంతం మొత్తం మీద ఈ సూచిక సగటు 7 అనుకుందాం.

టాప్‌మోడల్‌కు కావలసిన మరో అంకెను ఎమ్ అంటారు. మట్టిలో లోతుకు పోయేకొద్దీ నీటిని వదిలే గుణం ఎంత త్వరగా తగ్గుతుందో అది చెబుతుంది. అది 3 సెంటీమీటర్లు అనుకుందాం. ఇక మిగిలింది వెలితి, అంటే నేల పూర్తిగా నిండటానికి ఇంకా ఎంత నీరు పడుతుందన్నది. సగటు వెలితి 6 సెంటీమీటర్లు అనుకుంటే, ఏ చోటి వెలితినైనా ఒక్క వరసలో చెప్పవచ్చు. సగటు సూచికలోంచి ఆ చోటి సూచికను తీసేసి, ఎమ్‌తో గుణించి, సగటు వెలితికి కలపాలి. వాలు మధ్య చోటుకు 11.1 సెంటీమీటర్లు వస్తుంది. అక్కడ చాలా వాన ఇంకుతుంది. లోయ అడుగుకు మైనస్ 7.5 వస్తుంది. అంటే అక్కడ ఇంకడానికి ఏమీ లేదు. నేల నిండి, ఊట పైకి ఉబుకుతోంది. ఏ సూచిక దగ్గర వెలితి సరిగ్గా సున్నా అవుతుందో కూడా తెలిసిపోతుంది. సగటు సూచిక 7కు, 6ను 3తో భాగించగా వచ్చిన 2 కలిపితే 9. సూచిక 9 దాటిన ప్రతి చోటూ ఈ క్షణాన నిండి ఉంది.

ఇప్పుడు 3 సెంటీమీటర్ల నీరు కొత్తగా నేలలోకి ఇంకిందనుకోండి. సగటు వెలితి 3కు దిగింది. నిండిన నేలకు హద్దు గీత 9 నుంచి 8కి జరిగింది. ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య సూచిక ఉన్న నేలంతా ఒక్కసారిగా నిండిన మేరలో చేరిపోయింది. స్లీపర్స్ నది దగ్గర కందకం తవ్వి కనిపెట్టిన సంగతి, నిండిన నేల వానతోపాటు పైకి పాకడం, ఇక్కడ ఒక అంకె మీద గీత జరగడంగా కనిపిస్తోంది. మట్టిలోంచి వాగుకు దిగే ఊట కూడా అదే లెక్కలోంచి వస్తుంది. వెలితి ఒక ఎమ్ మేర తగ్గితే ఊట సుమారు 2.7 రెట్లవుతుంది. పరీవాహక ప్రాంతం మొత్తానికి గుర్తుపెట్టుకోవలసిన నేలనీటి స్థితి ఒక్కటే, ఆ సగటు వెలితి.

యంత్రం మీద భారం తగ్గిన తీరు చూడండి. ఒకే సూచిక ఉన్న రెండు చోట్లు, ఒకటి తూర్పు కొనలో ఉన్నా ఇంకొకటి పడమటి కొనలో ఉన్నా, ఒకేలా తడుస్తాయి, ఒకేలా ఆరతాయి. కాబట్టి వేల గళ్లకు వేల లెక్కలు అక్కర్లేదు. సూచిక ఏ విలువలో ఎంత నేల ఉందో పట్టిక వేసుకుని, ఇరవై ముప్పై తరగతులుగా విడగొట్టి, తరగతికి ఒక్క లెక్క చేస్తే చాలు. లెక్క అయ్యాక ఫలితాన్ని మళ్లీ పటం మీద పరిస్తే, ఏ పొలం ఏ గంటకు తడిసిందో కనిపిస్తుంది. ఇది చాలా పెద్ద సౌకర్యం. వాగు చివర కొలిచిన ప్రవాహంతో మాత్రమే సరిచూసుకునే నమూనాను పరీక్షించడానికి ఒకే చోటు ఉంటుంది. ఈ నమూనా ఎక్కడెక్కడ జాలు పడుతుందో చెబుతుంది గనక, గొడుగు పట్టుకుని వెళ్లి, బూట్లు బురదలో దిగుతున్నాయో లేదో చూసి తప్పొప్పులు తేల్చవచ్చు.

ఎమ్ విలువ ఎలా తెలుస్తుంది? ఇందులో ఇంకో ముచ్చటైన కీలు ఉంది. వానలు వెలిశాక వాగు తీసేటప్పుడు రోజూ ప్రవాహాన్ని కొలవాలి. ఆ ప్రవాహాన్ని పరీవాహక విస్తీర్ణంతో భాగించి, ఒకటిని ఆ సంఖ్యతో భాగించి, కాలానికి ఎదురుగా గ్రాఫు గీయాలి. మట్టి ఈ నమూనా అనుకున్నట్టే ప్రవర్తిస్తే ఆ చుక్కలు సరళరేఖ మీద పడతాయి. ఆ రేఖ ఏటవాలు తలకిందులే ఎమ్. మట్టిని తవ్వి ప్రయోగశాలకు పంపకుండా, వాగు తగ్గే తీరును బట్టి కొండ మొత్తం లోపలి స్వభావాన్ని చదవడం ఇది. రేఖ వంకరపోతే ఊహే ఆ నేలకు సరిపడలేదని తెలిసిపోతుంది. తన తప్పును పట్టుకునే సాధనాన్ని తనలోనే పెట్టుకున్న నమూనా అని దీన్ని నేను మెచ్చుకుంటాను.

ఇక నేల రూపాన్ని కంప్యూటర్‌కు ఎక్కించే పని. డెబ్బైలలో కావలసిన చోటికల్లా ఎత్తుల గళ్లపటం సిద్ధంగా దొరికేది కాదు. కాంటూరు గీతల పటాలు, విమానం నుంచి తీసిన ఫొటోలు, చేతిపనే ఆధారం. ఎనభైలలో ఎత్తుల గ్రిడ్లు వచ్చాక పని సులువైంది, కొత్త చిక్కులూ వచ్చాయి. 1984లో ఒకాలహన్, మార్క్ చెప్పిన పద్ధతిలో ప్రతి గడి తన నీటినంతా ఎనిమిది పొరుగు గళ్లలో అత్యంత వాలు ఉన్న ఒక్క గడికే ఇస్తుంది. లోయల్లో ఇది బాగుంటుంది. కుంభాకారంగా ఉబికిన గట్టు మీద నీరు విసనకర్రలా విచ్చుకోవాలి గదా. ఈ పద్ధతిలో అది సాధ్యం కాదు. గట్టు మీద లేని కాలువలు సమాంతర గీతలుగా పుట్టుకొస్తాయి.

1991లో పాల్ క్విన్, బెవెన్, వాళ్ల సహచరులు నీటిని కిందికి వాలిన పొరుగు గళ్లన్నింటికీ పంచారు. ఎవరి వాటా ఎంత అన్నది వాలును బట్టి, ఆ వైపు ఉన్న కాంటూరు పొడవును బట్టి ఉంటుంది. నేరుగా ఎదురుగా ఉన్న గడికి ఆ పొడవు గడి కొలతలో 0.5. మూలగా ఉన్న గడికి 0.354. చదరపు గళ్ల జ్యామితిలోంచి తీసిన ఆ చిన్న అంకె గట్టు మీది అబద్ధపు కాలువలను చెరిపేసింది. ఇలాంటి చోటే పనివాడి చేయి తెలుస్తుంది.

గడి పరిమాణం సంగతి ఇంకా తీవ్రమైనది. శిఖరం మీద ఉన్న గడికి పైనుంచి నీరేమీ రాదు. దాని సొంత విస్తీర్ణమే దాని వాటా. 10 మీటర్ల గడి అయితే మీటరు వెడల్పుకు 10 చదరపు మీటర్లు, 90 మీటర్ల గడి అయితే 90. తొమ్మిది రెట్ల తేడాకు లాగరిథమ్ 2.2. అంటే నేలలో ఏ మార్పూ లేకుండానే, గడి పెద్దదైనందుకే, శిఖరం సూచిక 2.2 పెరిగింది. దానికితోడు పెద్ద గడి నిటారు వాలులను సాపు చేసేస్తుంది, సూచిక ఇంకా పెరుగుతుంది. 1994లో వోలాక్, ప్రైస్ ఒకవైపు, జాంగ్, మాంట్‌గోమరీ ఇంకోవైపు ఈ సంగతిని కొలిచి చూపారు. మట్టి గుణాన్ని సూచించే అంకెను నమూనా వేసేవాళ్లు అటూ ఇటూ జరిపి ఈ తేడాను కప్పేయగలరు. వాగు చివర ప్రవాహం సరిపోతుంది. కానీ ఆ మట్టి అంకెకు అర్థం పోతుంది. ఏ గడితో సరిచూశారో చెప్పకుండా ఆ అంకెను ఇంకో చోటికి మోసుకుపోవడం నిజాయితీ అనిపించుకోదు.

బెవెన్ మీద నాకు గౌరవం పెరిగింది ఆయన 1997లో తన నమూనా మీద తానే రాసిన విమర్శ వల్ల. భూగర్భజలం ఉపరితలానికి సమాంతరంగా వాలి ఉంటుందన్న ఊహ లోతు తక్కువ మట్టి ఉన్న తడి కొండల్లోనే నిలుస్తుంది. కొండ ఎప్పుడూ సమతూకంలో ఉంటుందన్న ఊహ ఎండాకాలం తర్వాత తొలి వానలకు తప్పుతుంది, ఎందుకంటే అప్పుడు పై వాలుకూ కింది వాలుకూ సంబంధం తెగిపోయి ఉంటుంది. టాప్‌మోడల్ సీసాలో పెట్టి అమ్మే మందు కాదని, ఆలోచనల కూడికనీ, నేలను చూసి మార్చుకోవాలనీ ఆయన వాదన. 2001లో జిమ్ ఫ్రీర్‌తో కలిసి ఆ సమతూకపు ఊహను సడలించి కొత్త రూపం ఇచ్చారు. వేర్వేరు అంకెల కూర్పులు ఒకే ప్రవాహాన్ని అంతే చక్కగా చూపగలవని, అలాంటప్పుడు ఒక్కదాన్నే నిజమనకూడదని 1992లోనే ఆండ్రూ బిన్లీతో కలిసి చెప్పారు.

ఆ ఊహలను మన నేల మీద పెట్టి చూద్దాం. పాడేరు, అరకు వైపు కొండల్లో, వానలు పట్టుకున్న నెలల్లో, లోయ అడుగుల్లో వరి మళ్లు ఉన్న చోట ఈ సూచిక మాట్లాడుతుంది. తెలంగాణ పీఠభూమి మీద కథ వేరు. పలుచని ఎర్రనేల, కింద గట్టిరాయి, మధ్యలో లోతుకు దిగిపోయిన భూగర్భజలం. అక్కడ హోర్టన్ చెప్పిన జడివాన పారుదల బలంగా ఉంటుంది. డెల్టాలో చిక్కు ఇంకోలా ఉంటుంది. కోనసీమలో, కొల్లేరు చుట్టూ నేల దాదాపు చదును. వాలు సున్నా అయితే భాగహారమే కుదరదు. నమూనా వేసేవాళ్లు ఏదో ఒక అతిచిన్న వాలు అక్కడ పెట్టి ముందుకు పోవలసి వస్తుంది. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ వ్యోమనౌక 11 రోజుల్లో రాడార్‌తో కొలిచిన ఎత్తులైతే, కిరణం కొంత మేర చెట్ల కొమ్మల్లోనే ఆగిపోతుంది గనక, కొబ్బరితోటల ఎత్తును నేల ఎత్తులో కలిపేస్తాయి. కొద్ది మీటర్ల తేడా మీద నీటి దారి ఆధారపడిన చోట అది చిన్న పొరపాటు కాదు.

ఎత్తుల కొలతకు మన సొంత ఆధారమూ ఉంది. 2005 మే 5న శ్రీహరికోట నుంచి ఎగిరిన కార్టోశాట్-1 ఉపగ్రహానికి రెండు కెమెరాలు ఉండేవి. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు వంగి, ఒకే నేలను రెండు కోణాల నుంచి 2.5 మీటర్ల వివరంతో తీసేవి. ఆ జంట చిత్రాల నుంచి చేసిన ఎత్తుల పటాన్ని హైదరాబాద్‌లోని జాతీయ దూరసంవేదన కేంద్రం భువన్ పోర్టల్ ద్వారా 30 మీటర్ల గళ్లలో అందిస్తోంది. కానీ చెరువుకట్ట పైభాగం వెడల్పు కొద్ది మీటర్లే. 30 మీటర్ల గడిలో అది చుట్టుపక్కల ఎత్తుతో కలిసి కరిగిపోతుంది.

అంతకన్నా పెద్ద నష్టం ఆ తర్వాతి మెట్టులో జరుగుతుంది. 1988లో జెన్సన్, డొమింగ్ చెప్పిన పద్ధతి ప్రకారం, పటంలో నీరు బయటికి పోలేని ప్రతి గుంటనూ పొర్లే అంచు దాకా పూడ్చేస్తారు. అమెరికాలో, ఇంగ్లండ్‌లో గళ్లపటాల్లో కనిపించే గుంటల్లో చాలావరకు కొలతల లోపాలే గనక అది తగిన మందే. తెలంగాణలో మిషన్ కాకతీయ లెక్కల్లోనే 46,531 చెరువులు, కుంటలు ఉన్నాయి. ఒక చెరువు అలుగు దూకితే కింది చెరువులోకి, అక్కడి నుంచి ఇంకో చెరువులోకి నీరు చేరే గొలుసుకట్టు అది. కట్ట లేని, గుంటలు పూడ్చిన పటం మీద సూచిక కడితే ఆ గొలుసు మొత్తం మాయమై నేరుగా పారే వాగు ఒకటి మిగులుతుంది. మొదటి వానల్లో చెరువులు నిండే దాకా కిందికి నీరు రాకపోవడం, ఒక కట్టకు గండి పడితే కింది కట్టలు వరసగా తెగడం, రెండూ ఆ లెక్కకు అందవు. కట్ట కింద ఊటతో ఏడాది పొడవునా జాలుగా ఉండే పొలాలూ అందవు. పైనున్న నీటి ఒత్తిడి వల్ల తడిసిన ఆ నేలను ఏ నిష్పత్తీ దానంతటది పట్టుకోలేదు.

ఈ ప్రాంతానికి టాప్‌మోడల్ బాటలో పని చేయాలనుకునేవాళ్లు గుంటలు పూడ్చే ఆజ్ఞ ఇవ్వకముందే ప్రతి కట్టనూ దాని అసలు ఎత్తుతో పటంలో నిలబెట్టాలి. అలుగు ఎత్తును విడిగా రాసి, నీరు పొర్లే చోటు అదేనని కంప్యూటర్‌కు చెప్పాలి. చెరువు శిఖాన్ని, అంటే నీరు నిలిచే నేలను, గుంటగానే ఉంచి, దానికి సొంత వెలితి లెక్క ఇవ్వాలి. కట్ట కింది ఆయకట్టును వేరే తరగతిగా పెట్టి, అక్కడ బావుల నీటిమట్టంతో సరిచూడాలి. మిగిలిన వాలు నేలకు కిర్క్‌బీ నిష్పత్తిని వాడి, మొదటి వానలప్పుడు ఒకలా, నేల తడిసిన భాద్రపదంలో ఒకలా దాన్ని పరీక్షించి, ఏ నెల నుంచి అది నిలుస్తుందో రాసిపెట్టుకోవాలి.